లోహపు ప్లేటు మీద గులాబీ రంగు అక్రిలిక్ ఎందుకు లేచిపోతోంది?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఈ మధ్య కట్టుడు పళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. లోహపు ప్లేటుతో చేసిన సెట్టు పల్చగా ఉంటుంది, ఊరికే విరగదు, ఏళ్ల తరబడి ఉంటుంది అని రాశారు. ఆ మాట నిజమే, నేను కాదనను. కానీ మా పర్లాకిమిడిలో, కాశీనగర్‌లో, గుణుపురంలో అలాంటి సెట్టు పెట్టించుకున్నవాళ్లు రెండేళ్లు కూడా తిరక్కుండా దాన్ని రుమాల్లో చుట్టుకుని నా ల్యాబ్ మెట్లెక్కుతున్నారు, లోహం ఎక్కడా వంగదు, పళ్లు బాగానే ఉంటాయి, లోహానికీ, చిగురులా కనిపించే గులాబీ రంగు ప్లాస్టిక్‌కీ, అంటే అక్రిలిక్‌కీ, మధ్య అతుకు మాత్రం వదిలేసి ఉంటుంది. ఆ అతుకు గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. నాకు తెలిసి తెలుగులో ఎవరూ దాని గురించి పనిగట్టుకుని రాసినట్టు కూడా లేదు, అందుకే ఉత్తరం పొడవైనా పరవాలేదని రాస్తున్నాను, దయచేసి వేయండి.

నేను డెంటల్ టెక్నీషియన్‌ని. చట్టం భాషలో డెంటల్ మెకానిక్ అంటారు, 1948 డెంటిస్ట్స్ చట్టం మా వృత్తికి పెట్టిన పేరు అది. డాక్టర్ గారు నోట్లో కొలత తీసి పంపిస్తే ఆ అచ్చు మీద పళ్లు తయారుచేసేది మేము. పేషెంటుకు మా ముఖం తెలియదు, మాకు పేషెంటు ముఖం తెలియదు, మధ్యలో ఒక స్లిప్పు ఉంటుంది అంతే. నాకు అటు పాతపట్నం, టెక్కలి నుంచి కూడా పని వస్తుంది, ఇటు గజపతి, రాయగడ జిల్లాల నుంచీ వస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని.

మొన్న వేసవిలో గుణుపురం అవతల ఒక ఊరి నుంచి పెద్దాయన ఒకరు వచ్చారు. వంశధార ఒడ్డున వ్యవసాయం, డెబ్బై దాటిన మనిషి. కింది దవడకి రెండు పక్కలా దంతాలు పోతే ఒక పెద్ద ఊళ్లో లోహపు ప్లేటుతో సెట్టు చేయించుకున్నారట. పద్నాలుగు నెలలకి ఎడమ పక్క గులాబీ ముక్క పైకి లేచింది. "ఏదో గట్టిది కొరికుంటావు తాతా" అని అక్కడ అన్నారట. ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "నాను తేగలు కూడా మానేశాను బాబూ, గట్టిది ఏటి కొరికాను?" అంగట్లో గమ్ము కొని మూడుసార్లు అంటించుకున్నారు, మూడుసార్లూ ఊడింది. మనవరాలి పెళ్లిలో అందరి మధ్య కూర్చుని మజ్జిగ అన్నం మాత్రం తిన్నానని చెప్పారు, చెప్తూ నోటికి కండువా అడ్డం పెట్టుకున్నారు. నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు.

ఆ గులాబీ ముక్కని తీసి లోపల చూశాను. అక్రిలిక్ కింద ఉన్న లోహపు జాలీ అద్దంలా మెరుస్తోంది! బయట నాలుకకి తగిలే చోట ఎంత నున్నగా ఉందో లోపల అక్రిలిక్ పట్టుకోవాల్సిన చోట కూడా అంతే నున్నగా ఉంది. లోహపు ప్లేటు పోత పోశాక ఎలక్ట్రోపాలిషింగ్ అని చేస్తారు, యాసిడ్ ద్రవంలో ముంచి కరెంటు పంపిస్తే మొత్తం తళతళలాడుతుంది. చూడ్డానికి బాగుంటుంది, పేషెంటు కూడా సంతోషిస్తాడు. కానీ ఆ మెరుపు అక్రిలిక్ కింద ఉండకూడదు. అక్కడ లోహం మసకగా, బూడిద రంగులో, చేత్తో తడిమితే గరుగ్గా ఉండాలి. ఆ ఒక్క మెరుపు చూస్తే చాలు, మిగతా కథంతా నాకు తెలిసిపోతుంది.

ఎందుకో చెప్తాను. మనం పళ్ల సెట్లకి వాడే గులాబీ పదార్థం పాలీమిథైల్ మెథాక్రిలేట్, పొట్టిగా పీఎంఎంఏ. 1930ల చివర్లో ఇది వచ్చింది, అంతకు ముందు గట్టి రబ్బరుతో, వల్కనైట్ అంటారు, ముదురు రంగు సెట్లు చేసేవారు. పౌడరు, లిక్విడ్ కలిపితే పిండి ముద్దలా అవుతుంది, దాన్ని అచ్చులో నొక్కి వేడి నీళ్లలో ఉడికిస్తాం. లోహం వైపు చూస్తే ఎక్కువగా కోబాల్ట్ క్రోమియం, అందులో సుమారు 60 శాతం కోబాల్ట్, 25 నుంచి 30 శాతం క్రోమియం, కొంచెం మాలిబ్డినమ్. ఈ రెండూ గట్టివే, మంచివే, కానీ ఒకదానికొకటి అంటుకోవు. మామూలు అక్రిలిక్‌కి లోహంతో రసాయన బంధం అసలు లేదు. ఉడికాక అక్రిలిక్ లోహం పక్కన కూర్చుని ఉంటుంది, అంతే.

అందుకే లోహంలో జాలీలు, వలయాలు, చిన్న చిన్న పూసలు పెడతారు. అక్రిలిక్ వాటి కిందికి, చుట్టూ వెళ్లి బిగుసుకుంటుంది. మేస్త్రీ కాంక్రీటు స్తంభానికి ప్లాస్టరింగ్ చేసే ముందు గాట్లు కొడతాడు చూడండి, అలాంటిదే. దీనివల్ల ముక్క మొత్తం ఊడి చేతిలోకి రాదు. కానీ జాలీ ఉన్నంత మాత్రాన అంచు దగ్గర సందు పడకుండా ఉండదు, అసలు బాధంతా ఆ అంచు దగ్గరే. జాలీ కింద కనీసం అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఖాళీ వదలకపోతే అక్రిలిక్ దాని కిందికి పోనే పోదు, ఆ జాలీ ఉన్నా లేనట్టే. అంచు దగ్గర లోహంలో మెట్టులాగా గాడి ఉండాలి, అక్రిలిక్ అక్కడ మందంగా ఆగాలి. పల్చగా కాగితంలా లోహం మీదికి పాకించి వదిలేస్తే ఆ అంచు నెలల్లోనే పొట్టులా లేస్తుంది.

ఒక లెక్క చెప్తాను, మీ పాఠకులకి విసుగు రాదనుకుంటాను. వేడికి అక్రిలిక్ సాగే లెక్క డిగ్రీకి పది లక్షల వంతుల్లో దాదాపు 80, కోబాల్ట్ క్రోమియం సాగేది సుమారు 14. అంటే అయిదు రెట్లకు మించిన తేడా. ఉడికించేటప్పుడు 100 డిగ్రీల దాకా వెళ్లి, 30 డిగ్రీలకి చల్లారుతుంది. 5 సెంటీమీటర్ల పొడవున్న ముక్క తీసుకుంటే, ఆ 70 డిగ్రీల్లో అక్రిలిక్ 0.28 మిల్లీమీటర్లు ముడుచుకోవాలని చూస్తుంది, లోహం మాత్రం 0.05 దగ్గర ఆగిపోతుంది. మిగిలిన తేడా ఎక్కడికి పోతుంది? అతుకు మీద లాగుడుగా కూర్చుంటుంది. దీనికి తోడు గట్టిపడేటప్పుడే అక్రిలిక్ కుంచించుకుపోతుంది, లిక్విడ్ ఒక్కటే గట్టిపడితే 21 శాతం తగ్గుతుంది, మేము పౌడరు మూడు పాళ్లు, లిక్విడ్ ఒక పాలు కలుపుతాం కాబట్టి అది 7 శాతం దగ్గరికి వస్తుంది. సెట్టు ఇంకా పేషెంటు నోట్లోకి వెళ్లనే లేదు, ల్యాబ్‌లో అచ్చు విప్పే సమయానికే ఆ అతుకు బిగుసుకుని, నొప్పి పడుతూ ఉంది. తర్వాత రోజూ వేడి టీ, చల్లటి కుండ నీళ్లు, మళ్లీ వేడి సాంబారు. అక్రిలిక్ నీళ్లు కూడా పీల్చుకుంటుంది. పరిశోధన చేసేవాళ్లు ఈ అతుకుల్ని 5 డిగ్రీల నీళ్లలో, 55 డిగ్రీల నీళ్లలో మార్చి మార్చి వేల సార్లు ముంచి పరీక్షిస్తారు, ఆ ముంచుడులోనే తేడాలు బయటపడతాయి, మొదటి రోజు అన్నీ బాగానే కనిపిస్తాయి.

సందు పడ్డాక ఏమవుతుందో పేషెంట్లకి బాగా తెలుసు, కారణం మాత్రం తెలియదు. ముందు లోహం పక్కన సన్నటి నల్లగీత వస్తుంది, కిళ్లీ వేసుకునేవాళ్లకి అది ఎర్రగా ఉంటుంది. ఎంత తోమినా పోదు, ఎందుకంటే మరక పైన లేదు, సందు లోపల ఉంది. తర్వాత వాసన. ఆ సందులో ఉమ్మి, అన్నం రసం, క్రిములు, క్యాండిడా అనే బూజు జాతి అన్నీ చేరతాయి, బ్రష్ పోగలిగిన చోటు కాదు అది. ఇంట్లోవాళ్లు దగ్గర కూర్చోవడం లేదని ఒక ఆవిడ నా ముందే కన్నీళ్లు పెట్టుకుంది, శుభ్రత లేని మనిషినని కోడలు అనుకుంటోందట. ఆవిడ రోజుకి మూడుసార్లు సెట్టు కడుగుతుంది. తప్పు ఆవిడ శుభ్రతలో లేదు, ల్యాబ్‌లో పది నిమిషాల పని మానేయడంలో ఉంది.

ఆ పది నిమిషాల పని ఏమిటంటే, అక్రిలిక్ కూర్చునే చోట లోహాన్ని 50 మైక్రాన్ల అల్యూమినా పొడితో గాలి ఒత్తిడి పెట్టి కొట్టడం, శాండ్‌బ్లాస్టింగ్ అంటాం, పేరులో ఇసుక ఉన్నా ఇసుక వాడకూడదు, ఇసుక దుమ్ము పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, కుర్రాళ్లూ జాగ్రత్త. తర్వాత వెంటనే మెటల్ ప్రైమర్, అంటే లోహాన్నీ అక్రిలిక్‌నీ కలిపి పట్టుకునే ద్రవం, రాయడం. చిన్న సీసా, అయిదు మిల్లీలీటర్లు ఉంటుంది, ఒక సెట్టుకి రెండు మూడు చుక్కలు చాలు.

ప్రైమర్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాన్ని వదిలేయడానికి మనసు ఒప్పదు. కోబాల్ట్ క్రోమియం తుప్పు పట్టకపోవడానికి కారణం దాని మీద గాలి తగిలితే చాలు ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర, కంటికి కనిపించనంత పల్చన. ప్రైమర్‌లో ఉండే అణువుకి రెండు కొసలు ఉంటాయి. ఒక కొసలో ఫాస్ఫేట్ లాంటి ఆమ్ల గుణం ఉంటుంది, అది ఆ ఆక్సైడ్ పొరని పట్టుకుంటుంది. రెండో కొస మెథాక్రిలేట్, అంటే మన అక్రిలిక్ జాతిదే, ఉడికేటప్పుడు అక్రిలిక్‌తో కలిసిపోతుంది. ఎండీపీ అనేది అలాంటి అణువు, 4-మెటా అనేది ఇంకొకటి. రెండూ జపాన్‌లో పుట్టినవే, 4-మెటా 1970ల చివర్లో, ఎండీపీ 1980ల మొదట్లో. అంటే ఇది కొత్త సంగతి కాదు, 40 ఏళ్లు దాటింది. దాదాపు అదే రోజుల్లో లోహాన్ని కరెంటుతో యాసిడ్‌లో తినిపించి గరుకు చేయడం, దాని మీద సిలికా పొర కాల్చి వేయడం లాంటి పద్ధతులు కూడా వచ్చాయి, వాటికి పెద్ద యంత్రాలు కావాలి, మా బోటి చిన్న ల్యాబ్‌లకి అందవు. ప్రైమర్‌కి కావలసింది ఒక బ్రష్షు, శుభ్రమైన లోహం. బంగారం లాంటి లోహాల మీద ఆ ఆక్సైడ్ పొర ఉండదు కాబట్టి వాటికి గంధకం ఉన్న వేరే ప్రైమర్ కావాలి, మా వైపు ఆ అవసరం దాదాపు రాదు.

మా చిన్నప్పుడు వీధిలోకి కళాయి వేసేవాళ్లు వచ్చేవారు. ఇత్తడి గిన్నెని ముందు ఇసుకతో తోమి, కొలిమి మీద వేడిచేసి, నవాసారం చల్లి తుడిచి, అప్పుడే తగరం పూసేవారు. తోమని గిన్నెకి తగరం పూస్తే నిలవదని వాళ్లకి ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. లోహం మీద ఇంకోటి అంటుకోవాలంటే ముందు ఆ లోహం శుభ్రంగా, సిద్ధంగా ఉండాలి. మా పని కూడా అంతే, వేరే ఏమీ కాదు.

ఇప్పుడు తోటి టెక్నీషియన్లకి ఒక మాట. ప్రైమర్ సీసా కొన్నవాళ్లకి కూడా అతుకు వదులుతోంది, ఎందుకో నేను చాలా ఏళ్లు తెలుసుకోలేకపోయాను. పళ్లు అమర్చేది మైనంలో కదా, ఆ మైనం జాలీ అంతా పట్టి ఉంటుంది. అచ్చు పోశాక వేడి నీళ్లతో మైనాన్ని కరిగించి కడిగేస్తాం. ఒకే గిన్నెలో నీళ్లు నాలుగు అచ్చులకి వాడితే పైన మైనం తెట్టు కడుతుంది, ఆ తెట్టు మళ్లీ లోహం మీదే పేరుకుంటుంది. దాని మీద ప్రైమర్ రాస్తే నూనె గోడకి సున్నం వేసినట్టే. చివరి కడుగు ఎప్పుడూ కొత్త వేడి నీళ్లతో, కొంచెం సబ్బు పొడితో, మళ్లీ మంచి నీళ్లతో ఉండాలి. తర్వాత ప్లాస్టర్ అచ్చుకి అంటుకోకుండా సెపరేటింగ్ లిక్విడ్ పూస్తాం, అదేమో బ్రష్షు తగిలిన చోటల్లా పాకుతుంది, లోహం మీద పడితే అక్కడ అక్రిలిక్ అంటుకోదు, దాని పనే అంటుకోనివ్వకపోవడం! కాబట్టి అచ్చుకి పూసేటప్పుడు లోహానికి తగలనివ్వకూడదు, తగిలితే తుడిచి, ఆరాక ప్రైమర్ రాయాలి. రాశాక వేలితో ముట్టకూడదు, వేలి జిడ్డు చాలు దాన్ని పాడుచేయడానికి. ఇవన్నీ చిన్న సంగతులే కానీ అతుకు నిలవడం వీటి మీదే ఉంది.

ఉడికించడం గురించి కూడా చెప్పాలి. 74 డిగ్రీల దగ్గర 8 గంటలు, లేదా 74 దగ్గర 2 గంటలు ఉంచి తర్వాత 100 దగ్గర ఒక గంట, ఇదీ పద్ధతి. తొందరపడి అచ్చుని నేరుగా మరిగే నీళ్లలో పడేస్తే లోపల లిక్విడ్ ఆవిరవుతుంది, అది మరిగేది 100.8 డిగ్రీల దగ్గర, అక్రిలిక్ సొంత వేడి కూడా తోడవుతుంది కదా, లోపలంతా బుడగలు. ఉడికాక అచ్చుని బల్ల మీద మెల్లగా చల్లారనివ్వాలి, వేడి అచ్చుని కుళాయి కింద పెట్టడం అంటే ఇందాక చెప్పిన ఆ లాగుడుని మన చేత్తో మనమే పెంచడం. మా వైపు రాత్రిపూట కరెంటు పోతే 8 గంటల ఉడుకు మధ్యలో ఆగిపోతుంది, ఎన్నిసార్లు తెల్లవారుజామున లేచి మళ్లీ మొదలుపెట్టానో. సాయంత్రం ఇవ్వాలి అని ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే టెన్షన్ పడి తొందరపడతాం, అర్థం చేసుకోగలను, అయినా ఆ తొందర ఖరీదు కట్టేది మనం కాదు.

నేను మొదటి ఏడెనిమిదేళ్లు ప్రైమర్ లేకుండానే చేశాను. నేర్పినవాళ్లు చెప్పలేదు, డాక్టర్లు అడగలేదు, ఊడి వచ్చినవి మళ్లీ అతికి పంపాను. ఎవరి నోట్లో అవి ఎన్నాళ్లు నిలిచాయో తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు. అందుకే ఇది ఎవరి మీదో నింద వేయడానికి రాయడం లేదు.

మా సరిహద్దు ఊళ్లలో ఈ బాధ ఎందుకు ఎక్కువో కూడా మీరు గమనించాలి. పర్లాకిమిడికి పాతపట్నం ఎంత దూరం, నడిచి వెళ్లొచ్చు, కానీ 1936లో గీత గీశాక రాష్ట్రాలు వేరు. ఇక్కడి పేషెంటు పళ్లు ఇటు బరంపురంలోనో అటు శ్రీకాకుళం, విశాఖపట్నంలోనో కట్టించుకుంటాడు, ల్యాబ్ ఇంకెక్కడో ఉంటుంది. స్లిప్పు ఇంగ్లీషులో, జాగ్రత్తల కాగితం ఒక్కోసారి ఒడియాలో, పేషెంటు చదవగలిగేది తెలుగు, కొండ మీది సవర వాళ్లయితే ఆ రెండూ కాదు. పర్లాకిమిడిలో ఉండే గిడుగు రామమూర్తి గారు సవరల భాష నేర్చుకుని ఆ భాషలో పిల్లలకి చదువు చెప్పాలని పాటుపడ్డారు, అదే ఊళ్లో ఈ రోజుకీ ఒక సవర ముసలమ్మకి తన పళ్లు ఎలా కడుక్కోవాలో అర్థమయ్యేలా చెప్పే కాగితం లేదు. సెట్టు ఊడితే మళ్లీ రైలు, మళ్లీ ఒక రోజు కూలి పోవడం, తోడు వచ్చే మనిషి కూలి కూడా పోవడం. పెద్ద ఊళ్లో ఉన్నవాడికి అది ఆటో ఖర్చు, ఇక్కడి వాడికి రెండు రోజుల తిండి. అందుకే చాలామంది వెళ్లరు, గమ్ముతో అంటించుకుంటారు, లేదా డబ్బాలో పెట్టేసి చిగుళ్లతోనే నములుతారు.

డాక్టర్లకి నా మనవి ఒక్కటే. స్లిప్పు మీద రెండు ముక్కలు రాయండి, అక్రిలిక్ కూర్చునే చోట శాండ్‌బ్లాస్ట్ చేసి మెటల్ ప్రైమర్ రాయాలి అని, ఏ లోహం వాడారో పేరు, బ్యాచ్ నంబరు తిరిగి పంపాలి అని. మీరు అడిగితే ల్యాబ్‌లు చేస్తాయి. అడగకపోతే ధర తగ్గించే పోటీలో ముందు పోయేది కనిపించని పనే. లోహం పేరు ఎందుకంటే, కోబాల్ట్ క్రోమియం అని చెప్పి చవకగా నికెల్ క్రోమియం పోస్తే నికెల్ పడనివాళ్ల నోట్లో ఎర్రబడి మంట పుడుతుంది, చెవి కమ్మలకి దురద వచ్చే ఆడవాళ్లు ముందే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి. అది వేరే పెద్ద విషయం, ఇంకెప్పుడైనా రాస్తాను.

పెట్టించుకునేవాళ్లు చేతికి సెట్టు రాగానే లోహం, గులాబీ కలిసే గీత మీద గోరు పెట్టి గీసి చూడండి. గోరు తట్టుకోకూడదు, రెండూ ఒకే మట్టంలో నున్నగా ఉండాలి. గోరు దిగితే ఆ రోజే చెప్పండి, ఏడాది తర్వాత చెబితే మీరే ఏదో కొరికారంటారు. కడగడానికి మెత్తని బ్రష్షు, మామూలు సబ్బు, చల్లటి నీళ్లు. మరిగే నీళ్లు పోయొద్దు, అక్రిలిక్ వంకర తిరుగుతుంది. బట్టలకి వాడే బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టొద్దు, అది లోహాన్ని తింటుంది. రాత్రి తీసి మంచినీళ్ల గిన్నెలో ఉంచండి, ఎండిపోనివ్వొద్దు.

అడ్డపొగ తాగే అమ్మలకి ప్రత్యేకంగా చెప్పాలి. మన తీరంలో ఉత్తరాంధ్ర నుంచి గంజాం దాకా చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉంది, ముఖ్యంగా ఆడవాళ్లకి. ఆ వేడి నేరుగా పై అంగిలికి తగులుతుంది, అక్కడ లోహపు ప్లేటు ఉంటే లోహం, అక్రిలిక్ రెండూ రోజూ ఆ వేడికి వేరువేరుగా సాగుతాయి. అతుకు సంగతి అలా ఉంచండి, అడ్డపొగ తాగేవాళ్లకి అంగిలి మీద తెల్లమచ్చలు, పుండ్లు, క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది, అది ప్లేటు కింద దాక్కుంటే కనిపించదు. ప్లేటు వేసే ముందు అంగిలి చూపించుకోండి, వేశాక కూడా చూపించుకుంటూ ఉండండి, వీలైతే చుట్ట మానేయండి అమ్మా.

ఇక ఊడిపోయిన సెట్టు గురించి. లోహం బాగుంటే పారేయక్కర్లేదు. పాత అక్రిలిక్ అంతా తీసేసి, లోహాన్ని మళ్లీ శాండ్‌బ్లాస్ట్ చేసి, ప్రైమర్ రాసి, కొత్త అక్రిలిక్‌ని అచ్చులో నొక్కి ఉడికించాలి. చల్లగా గట్టిపడే అక్రిలిక్‌ని ఊడిన చోట పోసి పది నిమిషాల్లో ఇచ్చేస్తే కింద అదే మెరిసే లోహం, అదే సందు, మళ్లీ ఊడుతుంది. అంగడి గమ్ముతో అయితే అసలు వద్దు, అది నోట్లో పెట్టుకునేది కాదు, పైగా దాన్ని గీకి తీయడానికే నాకు ఒక పూట పట్టింది.

గుణుపురం పెద్దాయన సెట్టు అలాగే చేశాను. ఆయన డాక్టర్‌తో నేను ఫోన్లో మాట్లాడితే, డాక్టర్ గారు ఏమీ అనుకోకుండా "చేయండి, పై కింది పళ్ల కొరుకు నేను సరిచూస్తాను" అన్నారు, అది నాకు చాలా గౌరవంగా అనిపించింది. రెండు రోజులు పట్టింది. చలికాలంలో ఒకసారి ఆయన కొడుకు ఎరువుల పని మీద పర్లాకిమిడి వచ్చి ల్యాబ్ దగ్గర ఆగాడు, చేతిలో కాగితం పొట్లం. లోపల ఉడకబెట్టిన తేగలు. "నాన్న తింతన్నాడండి, మీకూ ఇమ్మన్నాడు" అన్నాడు.

ఇట్లు,
ఒక డెంటల్ టెక్నీషియన్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.